ఏ స్తంభం నీడ? డార్క్ సోల్స్, ఎల్డెన్ రింగ్‌లలో దాగిన సంకేతాలను చదివే పద్ధతి

నల్గొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కుందూరు చోడుల కాలపు త్రికూటాలయం. అక్కడి గర్భగుడిలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలబడి ఉంటుంది. చిన్నప్పుడు తాతతో పోయినప్పుడల్లా నాకు ఒకటే పని. ఒక్కో స్తంభం దగ్గరికి పోయి, ఈ నీడ దీనిదేనా అని చూసేవాణ్ణి. ఏ ఒక్కదానికీ సరిపోయేది కాదు. ముందున్న స్తంభాల మధ్య నుంచి వేర్వేరు వైపుల వెలుతురు లోపలికి వచ్చి, అన్నీ కలిసి ఆ నీడను చేస్తున్నాయని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

డార్క్ సోల్స్ అనే వీడియో గేమ్ మొదటిసారి ఆడినప్పుడు మళ్లీ అదే కుతూహలం పట్టుకుంది. గోడ మీద నీడ ఉంది, స్తంభం ఎక్కడుందో ఎవరూ చెప్పరు. ఈ ఆటల మీద ఇన్ని ఫ్యాన్ థియరీలు, అంటే దాగిన కథ గురించి అభిమానులు అల్లే ఊహలు, పుట్టడానికి కారణం అదే. ఆ థియరీని ఎలా కట్టాలి, కట్టినదాన్ని ఎలా పరీక్షించాలి అన్నది నేను ఏడెనిమిదేళ్లుగా నోట్‌బుక్కులు నింపుతూ నేర్చుకున్నాను. ఆ పద్ధతిని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. దారిలో కథ మలుపులు చాలా బయటపడతాయి. ఆట పూర్తి చేయనివాళ్లు చేశాకే చదవండి.

మొదలుపెట్టే ముందు

జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2009లో డీమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్ తెచ్చింది. డార్క్ సోల్స్ మూడో భాగం 2016లో, ఎల్డెన్ రింగ్ 2022లో వచ్చాయి. ఈ నాలుగింటి వెనకా ఉన్న దర్శకుడు హిడెటాకా మియాజాకి. చిన్నప్పుడు ఆయన తన వయసుకు మించిన ఇంగ్లిష్ పుస్తకాలు చదివేవాడు. అర్థం కాని చోట బొమ్మలు చూసి, మిగతా కథ తానే ఊహించుకునేవాడు. తన ఆటల్లో కథను సగం దాచి చెప్పడానికి మూలం అక్కడే ఉందని ఆయనే చెప్పాడు.

ఈ మాట విన్నరోజు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఐటెం డిస్క్రిప్షన్లు, అంటే ఆటలో ప్రతి వస్తువుకూ ఉండే చిన్న వివరణలు, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివినవాణ్ణి. ఇంగ్లిష్ అంతగా రాదు, నాకెందుకు ఈ థియరీలు అనుకునేవాళ్లకు ముందే చెబుతున్నాను. సగం అర్థమై సగం ఊహించుకునే పాఠకుడి కోసమే ఈ ఆటలు తయారయ్యాయి.

ఒకటో అడుగు: చిన్న ప్రశ్న పట్టుకోండి

“డార్క్ సోల్స్ అసలు అర్థం ఏంటి?” అన్న ప్రశ్నతో కూర్చుంటే నెల తర్వాత కూడా అక్కడే కూర్చుంటారు. “సోలేర్ అనే యోధుడి కవచం మీద సూర్యుడి బొమ్మ ఎందుకుంది?” అని అడగండి. ఒక మనిషి, ఒక వస్తువు, ఒక రంగు చాలు.

రెండో అడుగు: మూడు గడుల పేజీ

నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా మూడు గడులు చేయండి. మొదటి గడిలో ఆట మాటల్లో చెప్పింది రాయండి. రెండో గడిలో ఆట కళ్లకు చూపించింది, అంటే విగ్రహాలు, గోడలు, వస్తువు దొరికిన చోటు. మూడో గడిలో మీరు అనుకున్నది. థియరీలు చెడిపోయేది దాదాపు ఎప్పుడూ ఒకేలా: మూడో గడిలోది మెల్లగా మొదటి గడిలోకి జారుతుంది. రెండు నెలలు గడిచేసరికి మన ఊహ ఆటలోనే చదివినట్టు గుర్తుంటుంది.

మొదటి గడికి తెలుగులో మనకొక మంచి పనిముట్టు ఉంది. “అట.” ఈ ఆటల్లో ఐటెం డిస్క్రిప్షన్లు నేరుగా నిజం చెప్పడం తక్కువ. అంటారు, కావచ్చు, చెప్పుకుంటారు అన్న ధోరణిలో సాగుతాయి. ఎల్డెన్ రింగ్‌లో జెయింట్స్ రెడ్ బ్రెయిడ్ అనే కొరడా ఉంది. రాక్షసులందరిదీ ఎర్ర జుట్టేనని అది నేరుగా చెబుతుంది. ఆ లోకపు రాజు రాడగాన్ తన ఎర్ర జుట్టును అసహ్యించుకునేవాడు అట. అది ఆ జాతి శాపమేమో అట. మూడు వాక్యాల్లో రెండు విన్నమాటలే. “రాడగాన్‌కు రాక్షసుల శాపం తగిలింది” అని నోట్ చేసుకుంటే, రుజువుగా పనికిరాని మాటను రుజువుగా దాచుకున్నట్టు. అందుకే అలాంటి ప్రతి వాక్యం చివర “అట” అని రాయండి. నెల తర్వాత పేజీ తిప్పినప్పుడు ఏది గట్టిది, ఏది విన్నది అన్నది కంటికే తెలుస్తుంది.

మూడో అడుగు: ఏముందో కాదు, ఎక్కడుందో చూడండి

ఈ ఆటల్లో వస్తువును పెట్టిన చోటు కూడా ఒక వాక్యమే. డార్క్ సోల్స్‌లో సన్‌లైట్ బ్లేడ్ అనే మంత్రం ఉంది. సూర్యప్రభువు గ్విన్ పెద్ద కొడుకుది అది. అతన్ని దేవతల వరుస నుంచి తీసేశారు, చరిత్రలో పేరు కూడా మిగల్చలేదు. ఆ మంత్రం ఎక్కడ దొరుకుతుంది? గ్విన్ శవపేటిక దగ్గర. వెళ్లిపోతూ తండ్రికి చివరి వీడ్కోలుగా పెట్టాడేమో, అట. మాటల్లో ఉన్నది పేరు చెరిపేసిన కొడుకు. చోటు చెప్పేది, పేరు తీసేసినా తండ్రి దగ్గరికి ఒక్కసారి వచ్చిపోయిన కొడుకు. రెండు గడులూ కలిపి చదివినప్పుడే ఆ దుఃఖం తెలుస్తుంది.

ఎల్డెన్ రింగ్ అయితే ఈ పాఠాన్ని ఆటగాడి చేతే చేయిస్తుంది. లేండెల్ నగరంలో రాడగాన్ విగ్రహం ముందు నేల మీద ఒక సందేశం ఉంటుంది. వెనక్కి మళ్లించడమే రహస్యాన్ని బయటపెడుతుంది అని. లా ఆఫ్ రిగ్రెషన్ అనే మంత్రాన్ని అక్కడే ప్రయోగించాలి. దానికి మన పాత్ర ఇంటెలిజెన్స్ స్థాయి 37 ఉండాలి. ప్రయోగిస్తే విగ్రహం మారిపోయి అతని భార్య, రాణి మరికా కనిపిస్తుంది. రాడగానే మరికా అని కొత్త సందేశం వెలుగుతుంది. ఆ రాత్రి మా గదిలో ముగ్గురం ఉన్నాం, కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు.

నాలుగో అడుగు: పేర్ల దగ్గర తొందరపడొద్దు

అలంపూర్‌లో నవబ్రహ్మ ఆలయాలున్నాయి. బాల బ్రహ్మ, వీర బ్రహ్మ, స్వర్గ బ్రహ్మ, ఇట్లా పేర్లు. బాదామి చాళుక్యులు కట్టించినవి. పేరులో బ్రహ్మ ఉన్నా అన్నీ శివాలయాలే. పేరు చూసి లోపల ఎవరున్నారో తేల్చేస్తే అలంపూర్‌లోనే తప్పుతాం, కల్పిత లోకంలో తప్పకుండా ఉంటామా?

ఎల్డెన్ రింగ్‌లో ఇదే జరిగింది. గాడ్రిక్, గాడ్ఫ్రే, గాడ్విన్. రెన్నాలా, రాడాన్, రాన్ని, రైకార్డ్. మరికా, మలేనియా, మికెల్లా, మోగ్, మోర్గాట్. పేర్లన్నీ ఇంగ్లిష్‌లో జీ, ఆర్, ఎం అక్షరాలతోనే మొదలవుతాయి. ఈ లోకానికి పునాది పురాణం రాసింది జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. ఇంకేముంది, ఆయన తన ఇనీషియల్స్ దాచిపెట్టాడని థియరీ పుట్టి లోకమంతా తిరిగింది. 2022లో ఆయనే అలాంటిదేమీ లేదని ఆశ్చర్యపోతూ రాశాడు.

ఇందులో నేర్చుకోవాల్సింది ఉంది. వరుస కనిపించడం నిజమే, పేర్లు అలాగే ఉన్నాయి. కానీ వరుస ఉండటం వేరు, దానికి అర్థం ఉండటం వేరు. పేరు మీద కట్టిన థియరీకి పేరు కాని రుజువు కనీసం రెండైనా దొరికేదాకా దాన్ని మూడో గడి దాటనివ్వకండి.

ఐదో అడుగు: జపాన్ మాట దాకా వెళ్లండి

అన్ని అడుగుల్లోనూ నాకు ఎక్కువ ఇచ్చింది ఇదే. జపాన్ భాష నేర్చుకోనక్కర్లేదు. ముఖ్యమైన పది పదాలకు మూలంలో ఏ మాట వాడారో, ఆ మాటకు నిఘంటువులో అర్థమేంటో కనుక్కుంటే చాలు.

ఎల్డెన్ రింగ్‌లో మన పాత్రను ఇంగ్లిష్‌లో టార్నిష్డ్ అంటారు. ఇత్తడి చెంబుకు చిలుము పట్టినట్టు మసకబారిన లోహం గుర్తొస్తుంది. జపాన్ మాట అసెబితో. రంగు వెలిసిన మనిషి అని. కళ్లలోని బంగారు కాంతి వెలిసిపోయినవాళ్లు. ఇంగ్లిష్ మాటలో తోమితే పోయే మచ్చ ఉంది. జపాన్ మాటలో చాలాసార్లు ఉతికిన పట్టుచీర ఉంది. రెండింటి బాధ ఒకటి కాదు.

ఇంకో మాట ఉంది, దాని కోసమే ఈ అడుగు రాస్తున్నాను. డార్క్ సోల్స్ మూడో భాగంలో లార్డ్స్ ఆఫ్ సిండర్ ఉంటారు. లోకం ఆరిపోకుండా తమ ప్రాణాన్ని నిప్పుకు ఇచ్చిన రాజులు. సిండర్ అంటే కాలి మిగిలిన కణిక. జపాన్‌లో వాళ్లు తకిగి నో ఓ. తకిగి అంటే వంటచెరకు, కట్టె. అంటే వాళ్లు కట్టెల రాజులు.

తెలుగువాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పాలా? మనకు కట్టె అంటే పొయ్యిలోదీ, మనిషి దేహమూ కూడా. కట్టె కాలేదాకా అంటాం, ఈ కట్టె ఉన్నన్నాళ్లు అంటాం. సింహాసనం మీద కూర్చున్న రాజును కట్టె అని పిలవడంలోని భయం ఇంగ్లిష్‌లో రాలేదు, తెలుగులో దానంతట అదే వస్తుంది. ఆ మాట తెలిశాక మూడో భాగం నాకు వేరే ఆట అయింది. కణిక అంటే పని అయిపోయినది. కట్టె అంటే కాల్చడానికి పేర్చి పెట్టినది. సింహాసనాలు వదిలి పారిపోయిన రాజులు బాధ్యత మరిచినవాళ్లలా కాక, మళ్లీ పొయ్యిలోకి వెళ్లలేకపోయినవాళ్లలా కనిపించారు. ఇది నా మూడో గడి మాట. కానీ దీని కింద ఉన్న రుజువు మొదటి గడిలోది.

ఆరో అడుగు: ఏ వెర్షన్, ఏ సంవత్సరం

త్వరగా చెబుతాను. ప్రతి నోట్ పక్కన వెర్షన్ రాయండి. ఎల్డెన్ రింగ్ వచ్చిన కొన్ని వారాలకే 1.03 ప్యాచ్‌లో (ఆటకు తర్వాత వచ్చే సవరణ) నెఫెలీ, కెన్నెత్ వంటి పాత్రల కథలకు కొత్త ఘట్టాలు చేర్చారు. అంతకు ముందు “వీళ్ల కథ ఆగిపోవడమే ఒక సంకేతం” అనుకున్నవాళ్ల కాళ్ల కింద నేల జరిగింది. ఆట ఫైళ్లు తవ్వి తీసిన, వాడకుండా వదిలేసిన సంభాషణలు కూడా దొరుకుతుంటాయి. వాటికి వేరే పేజీ పెట్టండి. తీసేసిన సీన్ అంటే దర్శకుడు వద్దనుకున్నది.

డీఎల్‌సీలు, అంటే ఆట వచ్చాక విడిగా విడుదలయ్యే అదనపు భాగాలు, అంతకంటే పెద్ద పరీక్ష. మోగ్ అనే రక్తప్రభువు పసివాడైన మికెల్లాను ఎత్తుకుపోయాడని రెండేళ్లు అందరం నమ్మాం. 2024 జూన్‌లో షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ వచ్చి, మోగే మికెల్లా మాయలో పడ్డాడని తేల్చింది. అయితే మొదటి ఆటలోనే బివిచింగ్ బ్రాంచ్ అనే కొమ్మ ఉంది. మికెల్లాను చాలామంది ప్రేమిస్తారు, ప్రేమించేలా బలవంతపెట్టడం అతనికి బాగా తెలుసు అని దాని మీద రాసే ఉంది. నా నోట్‌బుక్‌లో మొదటి సగం ఉంది, “బలవంతం” అన్న మాట లేదు. చదివాను, రాసుకోలేదు. పూర్తి వాక్యం రాసుకోవాలని ఆ రోజు నుంచి నియమం పెట్టుకున్నాను.

ఏడో అడుగు: దర్శకుడి మాట కూడా విన్నమాటే

డార్క్ సోల్స్ మొదట్లో బహుమతిగా ఎంచుకునే వస్తువుల్లో ఒక లాకెట్ ఉంటుంది. దాని వల్ల ఏ ఉపయోగమూ లేదని ఆటే చెబుతుంది. మీరైతే ఏది తీసుకుంటారని అడిగితే, లాకెట్ అన్నాడు మియాజాకి. ఆ ఒక్క మాటతో జనం ఆట అంతా గాలించారు. నేనూ ఒక వేసవి సెలవులన్నీ ఆ లాకెట్ పట్టుకుని ప్రతి గోడ ముందూ నిలబడ్డాను. అది సరదాకి అన్న మాట అని తర్వాత ఆయనే చెప్పాడు. ఇంటర్వ్యూలు చదవండి, ప్రేమగా చదవండి, కానీ వాటి చివర కూడా “అట” పెట్టండి. ఆట లోపల ఇంకో రుజువు దొరికితేనే ముందుకు కదలండి.

ఎనిమిదో అడుగు: వాళ్లు పెట్టింది, మనకు కనిపించింది

మహబూబ్‌నగర్‌లో మా చిన్నాయన ఇల్లు. అక్కడికి పోతే పిల్లలమర్రి చూడకుండా రాము. ఏడెనిమిది వందల ఏళ్ల చెట్టు, మూడెకరాల మీద పరుచుకుంది. అసలు మొదలు ఏదో కనిపెట్టలేం, ఊడలే మానులయ్యాయి. చెదలు పట్టి కొమ్మ విరిగితే, 2018లో మనిషికి సెలైన్ పెట్టినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఎల్డెన్ రింగ్‌లో బంగారు మహావృక్షం ఎర్డ్‌ట్రీని, దాని వేళ్ల దగ్గర శవాలను పూడ్చే ఆచారాన్ని చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది పిల్లలమర్రే. బయటికి నిండుగా పచ్చగా ఉంటూ లోపల జబ్బుపడిన చెట్టు.

ఈ పోలిక రాయొచ్చా? తప్పకుండా రాయాలి. మన చెట్టుతో ఆ చెట్టును చదివితే కొత్త సంగతులు కనిపిస్తాయి. “ఇన్ని మానుల్లో అసలుది ఏది?” అన్న ప్రశ్న నాకు పిల్లలమర్రి కిందే పుట్టింది. ఆ ప్రశ్నతో వెతికితే ఆర్డోవిస్ ఖడ్గం దొరికింది. ఆదిమ బంగారంలో ఎరుపు ఛాయ ఉండేదని, అది ప్రాణానికి దగ్గరి స్వభావం అట అని దాని మీద ఉంది. అంటే ఇప్పుడు మెరిసే స్వచ్ఛమైన పసుపు కంటే ముందు ఇంకో బంగారం ఉంది. కానీ జపాన్‌లో కూర్చున్నవాళ్లు మన మర్రిని చూసి ఎర్డ్‌ట్రీ గీశారని మాత్రం రాయకూడదు. పోలిక మనది, పెట్టింది వాళ్లు. ఈ గీత చెరిపేస్తే మంచి పరిశీలన కూడా అబద్ధం పక్కన నిలబడుతుంది.

తొమ్మిదో అడుగు: మీ థియరీని మీరే విరగ్గొట్టండి

ఇప్పుడు నా సొంత పేజీ ఒకటి చూపిస్తాను. ప్రశ్న: డార్క్ సోల్స్‌లో సూర్యుడు దేనికి గుర్తు?

అందరికీ నచ్చిన పాత థియరీ సోలేర్ గురించి. తన సొంత సూర్యుణ్ణి వెతుక్కుంటూ వచ్చిన ఆ యోధుడే గ్విన్ పెద్ద కొడుకు అని. నేనూ నమ్మాను, నమ్మాలని బాగా కోరుకున్నాను. కానీ అతని కవచం డిస్క్రిప్షన్ ఏమంటుంది? దాని మీది సూర్యుడి బొమ్మకు ఏ శక్తీ లేదు, సోలేర్ స్వయంగా రంగులతో వేసుకున్నాడు. అతని కత్తి? బాగా కాపాడుకున్న మామూలు కత్తి, పేరుకు తగ్గంత గొప్పది కాదు. 2016లో మూడో భాగంలో పేరులేని రాజు వచ్చి, తుఫాను డ్రాగన్ మీద ఎక్కి, పెద్ద కొడుకు స్థానం దాదాపు తీసేసుకున్నాడు. నా థియరీ పోయింది. వారం రోజులు మనసు బాగోలేదు.

తర్వాత విరిగిన ముక్కలనే మళ్లీ చూశాను. అనోర్ లోండో నగరంలో ఎప్పుడూ సంధ్య వెలుగు. గ్విన్ కూతురు, మహాదేవి గ్వినెవీర్ మీద బాణం వేస్తే ఆమె మాయమవుతుంది, సూర్యుడూ ఆరిపోతాడు. అంతా గ్విన్ చిన్న కొడుకు గ్విండోలిన్ పన్నిన మాయ. సోలేర్ కథ చెడ్డగా ముగిస్తే, వెలిగే పురుగొకటి అతని తలకు పట్టుకుంటుంది, అదే తన సూర్యుడనుకుని పిచ్చివాడవుతాడు. మూడు చోట్ల సూర్యుడు, మూడు చోట్లా అసలుది కాదు. రెండో థియరీ రాశాను: ఈ ఆటలో సూర్యుడంటే అధికారం పట్టి చూపించే అబద్ధపు వెలుగు.

మూడు స్తంభాలు దొరికాయని సంతోషపడి మా చిన్నాయన కొడుక్కి చదివి వినిపించాను. వాడు ఇంటర్ చదువుతున్నాడు. అంతా విని ఒకటే అడిగాడు.

“అన్నా, అన్ని సూర్యులు అబద్ధమే అయితే, నాకు బాస్ దగ్గర సాయం చేసినోళ్ల గుర్తు బంగారు రంగుల ఎందుకు వెలుగుతది మరి?”

నా దగ్గర జవాబు లేదు. వారియర్స్ ఆఫ్ సన్‌లైట్ అనే కూటమి ఉంది. బాస్‌ల దగ్గర, అంటే పెద్ద శత్రువుల ముందు, ముఖం తెలియని ఆటగాళ్లకు సాయం చేసేవాళ్లది. వాళ్ల గుర్తు బంగారు రంగు. గెలిస్తే సూర్యుడి పతకం దొరుకుతుంది. వాళ్ల పూజా స్థలంలో దేవుడి విగ్రహం పగిలిపోయి ఉంటుంది. దాని దగ్గరే నిలబడి సూర్యుణ్ణి చూసే మనిషి సోలేర్. ఇవన్నీ నేను చూసినవే. థియరీకి ఒదగవని పక్కన పెట్టాను.

పేజీ మళ్లీ రాశాను. పైనుంచి చూపించే సూర్యుడు మాయ. దేవుడు లేని పీఠం ముందు ఒకరికొకరు అందించుకునే సూర్యుడు మాయ కాదు. సోలేర్ బొమ్మకు శక్తి లేకపోవడం అతని లోటు కాదు, ఎవరూ ఇవ్వకుండా తాను గీసుకున్నాడు కాబట్టే అది అతనిది. ఆ పురుగు బారి నుంచి అతన్ని కాపాడితే చివరికి గ్విన్ ముందు మన పక్కన నిలబడి పోరాడతాడన్నది కూడా ఇందులో ఒదుగుతుంది. రెండో థియరీలో దానికి చోటు లేకుండింది.

విరగ్గొట్టడానికి మనిషి కావాలి. ఆట ఆడినవాళ్లు, మిమ్మల్ని చూసి మొహమాటపడనివాళ్లు. పెద్ద పండితులు అక్కర్లేదు. ఒక్క ప్రశ్న అడగమనండి: “దీనికి ఒదగనిది ఏముంది?”

పదో అడుగు: తెలుగులో రాయండి

మొదటి వాక్యంలో ప్రశ్న, రెండో వాక్యంలో మీ జవాబు, ఆ తర్వాత రుజువులు. ఒదగనివి దాచకుండా చివర్లో వాటికీ ఒక పేరా ఇవ్వండి. ఏ భాగం కథ బయటపెడుతున్నారో మొదట్లోనే చెప్పండి. మూలంలోని అట, కావచ్చు అన్నవాటిని తెలుగులోకి తెచ్చేటప్పుడు మింగేయకండి. పేర్లు తెలుగు లిపిలో ఒకసారి ఎలా రాస్తే చివరిదాకా అలాగే రాయండి.

థియరీ మారిన ప్రతిసారీ పాత పేజీ చింపకుండా, కింద తేదీ వేసి కొత్తది రాయండి. నా సూర్యుడి పేజీ కింద మూడు తేదీలున్నాయి. మూడోది మా తమ్ముడి చేతిరాత.